నొప్పి తెలియని మచ్చ

జ్వరము వస్తే రెండవ రోజుకే ఆసుపత్రికి పోతాము. పన్ను నొప్పి పుడితే అర్ధరాత్రి లేచి లవంగము వెదుకుతాము. కాలిలో ముల్లు దిగితే పని ఆపి కూర్చుంటాము. కాని వీపు మీద, తొడ మీద, మోచేతి దగ్గర ఒక పాలిపోయిన మచ్చ కనబడితే మాత్రము ఏళ్ల తరబడి ఊరకుంటాము. అది నొప్పి పెట్టదు, దురద పుట్టదు, పనికి అడ్డురాదు. "ఏదో శోభి అయి ఉంటుంది, అదే పోతుందిలే" అనుకుంటాము.

ప్రియ పాఠకులారా, ఈ వ్యాసములో చెప్పదలచిన మాట ఒక్కటే. నొప్పి పెట్టే మచ్చకన్న నొప్పి తెలియని మచ్చను చూసి ఎక్కువ జాగ్రత్తపడాలి. అది కుష్ఠువ్యాధి కావచ్చును. దానిని మొదటిలోనే గుర్తిస్తే ఆరు నెలల్లోనో, సంవత్సరములోనో బిళ్ళలతో పూర్తిగా నయమవుతుంది. దాచిపెట్టి ఆలస్యము చేస్తే క్రిమి చచ్చినా, పోయిన స్పర్శ, వంగిన వేళ్లు తిరిగి రాకపోవచ్చును.

ఈ జబ్బు పేరెత్తడానికే మన పెద్దలు భయపడి "పెద్దరోగము" అనేవారు. నేడు దీనికి ఉన్నంత మంచి వైద్యము చాలా జబ్బులకు లేదు. అయినా భయము మాత్రము పాతదే మిగిలిపోయింది.

జబ్బు ఇంకా ఉన్నదా?

"కుష్ఠువ్యాధి మన దేశములో ఎప్పుడో పోయింది కదా!" అని కొందరంటారు. ఈ అపోహకు ఒక కారణమున్నది. 2005 డిసెంబరు నాటికి మన దేశములో ఈ వ్యాధిగ్రస్తుల సంఖ్య పదివేల మందికి ఒకరికన్న తక్కువకు దిగివచ్చింది. ప్రజారోగ్య సమస్యగా దీనిని నిర్మూలించామని ప్రభుత్వము ప్రకటించింది. అంటే సంఖ్య తగ్గిందని అర్థమే గాని, జబ్బు లేకుండా పోయిందని కాదు. 2023వ సంవత్సరములో ప్రపంచమంతటా సుమారు 1,82,000 మంది క్రొత్తగా ఈ వ్యాధితో గుర్తించబడ్డారు. వారిలో లక్షకు పైగా మన భారతీయులే. అందులో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. పిల్లలలో జబ్బు కనబడిందంటే, ఆ చుట్టుప్రక్కల మందు వాడని పెద్దవారు ఎవరో ఉన్నారని గ్రహించాలి.

ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మచ్చలున్నాయా అని అడిగే కార్యక్రమములు జరుగుతూనే ఉన్నాయి. 2027 నాటికి ఈ వ్యాధి ఒకరి నుండి ఒకరికి సోకకుండా ఆపాలని 2023లో విడుదలైన జాతీయ ప్రణాళిక లక్ష్యము పెట్టుకున్నది. అయితే గుమ్మము దగ్గర నిలబడి అడిగేవారికి చొక్కా క్రిందనో, చీర క్రిందనో ఉన్న మచ్చ కనబడదు. అది ఇంటివారికే కనబడుతుంది. భర్త వీపు మీది మచ్చను భార్య చూస్తుంది. బిడ్డకు స్నానము చేయించేటప్పుడు తల్లి చూస్తుంది. అందుచేత ఈ జబ్బు విషయములో మొదటి పరీక్ష ఆసుపత్రిలో కాదు, ఇంటిలోనే జరుగుతుంది.

ఇది ఎలా వస్తుంది?

1873లో నార్వే దేశములోని బెర్గెన్ పట్టణములో హాన్సెన్ అనే వైద్యుడు రోగుల శరీరములో ఉన్న సన్నని కడ్డీలవంటి క్రిములను సూక్ష్మదర్శినిలో గుర్తించాడు. ఈ జబ్బు వంశపారంపర్యమని, శాపమని అందరూ అనుకొంటున్న రోజులవి. క్రిమివలన వచ్చే జబ్బు అని అప్పుడు తెలిసింది. అందుకే దీనిని హాన్సెన్ వ్యాధి అని కూడా పిలుస్తారు.

ఈ క్రిమి చాలా మందకొడి. ఒకటి రెండు కావడానికి సుమారు రెండు వారములు పడుతుంది. ఆ కారణముచేత ఒంటిలో ప్రవేశించిన తరువాత జబ్బు బయటపడడానికి సగటున అయిదేళ్లు, కొందరిలో ఇరవై ఏళ్లు కూడా పట్టవచ్చును. "ఎవరి దగ్గర అంటుకున్నది?" అని వెదకి నిందించడము ఎందుకు దండుగో దీనినిబట్టి అర్థమవుతుంది.

మందు వాడని రోగితో చాలా కాలము దగ్గరగా మెలగినప్పుడు, ముక్కు నుండి, నోటి నుండి వెలువడే తుంపరల ద్వారా ఇది సోకుతుంది. చేయి కలిపినందువలన, ప్రక్కన కూర్చున్నందువలన, కలిసి భోజనము చేసినందువలన సోకదు. తల్లి కడుపులోని బిడ్డకు రక్తములో రాదు. అంతేకాదు, నూటికి తొంభై అయిదు మందికి ఈ క్రిమిని ఎదుర్కొనే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. క్రిమి వారి ఒంటిలోకి వెళ్లినా జబ్బు రాదు. మిగిలిన కొద్దిమందికే వస్తుంది. వారు ఎక్కువ పాపము చేసినవారు కారు. ఈ ఒక్క క్రిమిని ఎదుర్కొనే శక్తి వారికి తక్కువ, అంతే.

పరిశుద్ధ గ్రంథములోని కుష్ఠు

ఇక్కడ మన సంఘములలో చాలామందికి ఉన్న ఒక సందేహమును గూర్చి చెప్పాలి. లేవీయకాండము పదమూడు, పద్నాలుగు అధ్యాయములలో చెప్పిన కుష్ఠు, నేడు వైద్యులు చెప్పే కుష్ఠువ్యాధి ఒకటేనా? ఆ అధ్యాయములను నిదానముగా చదివినవారికి ఒక సంగతి తెలుస్తుంది. అక్కడ మనుష్యుల చర్మము మీదనే గాక బట్టల మీద, ఇంటి గోడల మీద కూడా కుష్ఠుపొడ పుడుతుందని వ్రాయబడి ఉన్నది. హెబ్రీ భాషలోని ఆ మాట ఎన్నో రకముల చర్మవ్యాధులకు, బట్టలకు, గోడలకు పట్టే బూజుకు కూడా వాడబడింది. మన తెలుగు అనువాదములో దానికి కుష్ఠు అనే మాట వచ్చింది. నేటి కుష్ఠువ్యాధికి ముఖ్య గుర్తు స్పర్శ లేకపోవడము. ఆ అధ్యాయములలో స్పర్శను గూర్చిన మాటే లేదు. కాబట్టి ఆనాటి ధర్మశాస్త్ర విధులను చూపి, నేడు ఈ జబ్బు వచ్చినవారిని అపవిత్రులుగా చూడడము గ్రంథానికీ న్యాయము కాదు, రోగికీ న్యాయము కాదు.

యేసు ప్రభువు కుష్ఠరోగిని మాటతోనే బాగుచేయగలిగి ఉండి కూడా చేయి చాపి ముట్టుకున్నాడని సువార్తలలో మనము చదువుతాము. నేటి వైద్యులు ఈ జబ్బును కనిపెట్టేదీ ముట్టుకొనియే. అది ఎలాగో చూద్దాము.

ఇంటిలో ఎలా గమనించాలి?

మచ్చలన్నీ కుష్ఠు మచ్చలు కావు. బొల్లి మచ్చ పాలవలె తెల్లగా ఉంటుంది, కాని అక్కడ స్పర్శ చక్కగా తెలుస్తుంది. తామర గుండ్రముగా లేచి దురద పెడుతుంది. శోభి సన్నని పొట్టు రాలుస్తుంది. పుట్టుమచ్చ పుట్టినప్పటి నుండి ఉంటుంది. కుష్ఠు మచ్చ చాలావరకు చుట్టూ ఉన్న చర్మముకన్న పాలిపోయి ఉంటుంది, లేదా రాగిరంగుగా, ఎర్రగా ఉంటుంది. పూర్తిగా తెల్లబడదు. దురద ఉండదు. ఆ చోట చెమట పట్టక పొడిబారవచ్చును, వెంట్రుకలు పలుచబడవచ్చును. ముఖ్యముగా, ఆ చోట తాకినా సరిగా తెలియదు.

దీనిని ఇంటిలోనే పరీక్షించవచ్చును. కొంచెము దూదిని సన్నగా పురివేయండి. దూది లేకపోతే కోడి ఈక కొస చాలు. ముందు ఆ మనిషి కళ్లు తెరచి ఉండగా మంచి చర్మము మీద తాకించి, "ఇలా తాకినప్పుడల్లా ఆ చోట వేలు పెట్టి చూపండి" అని చెప్పండి. తరువాత కళ్లు మూసుకోమని, ఒకసారి మంచి చర్మము మీద, ఒకసారి మచ్చ మీద మార్చి మార్చి తాకించండి. మంచి చోట తాకినప్పుడు వెంటనే చూపి, మచ్చ మీద తాకినప్పుడు చూపలేకపోతే అనుమానించాలి. సూదితో గాని, వేడి వస్తువుతో గాని ఎన్నడూ పరీక్షించవద్దు. స్పర్శ లేని చోట గాయమైతే అది మరొక కష్టము. ముఖము మీది మచ్చలో స్పర్శ ఉన్నంతమాత్రాన జబ్బు కాదని నిశ్చయించుకోవద్దు, ఎందుకంటే ముఖములో నరములు దట్టముగా ఉంటాయి.

కొందరికి స్పష్టమైన మచ్చలే ఉండవు. ముఖము నూనె రాసినట్లు నిగనిగలాడుతుంది. చెవి తమ్మెలు దళసరి అవుతాయి. కనుబొమల వెంట్రుకలు రాలిపోతాయి. ఒంటి మీద నొప్పిలేని బుడిపెలు లేస్తాయి. చూసేవారు "మనిషి నిగారింపు వచ్చాడు" అని కూడా అనుకోవచ్చును! నిజానికి క్రిములు ఎక్కువగా ఉండేది ఈ రకములోనే.

ఇంకా కొన్ని గుర్తులున్నాయి. నడుస్తుండగా కాలి చెప్పు జారిపోయినా తెలియకపోవడము. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కి మెల్లగా లోపలికి వంగడము. చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడము. పొయ్యి మీది గిన్నె దించినప్పుడు చేయి కాలినా, బొబ్బ లేచిన తరువాత గాని తెలియకపోవడము. కన్ను పూర్తిగా మూతపడకపోవడము. వీటిలో ఏది కనబడినా మర్నాటికి వాయిదా వేయవద్దు.

వైద్యులు ఎలా నిర్ధారిస్తారు?

మూడు గుర్తులలో ఏ ఒక్కటి ఉన్నా కుష్ఠువ్యాధి అని వైద్యులు నిర్ధారిస్తారు. మొదటిది, స్పర్శ పోయిన మచ్చ. రెండవది, ఉబ్బిన నరము, ఆ నరము పనిచేసే చోట తిమ్మిరి లేక బలహీనత. మూడవది, చర్మపు రసములో క్రిములు కనబడడము.

వైద్యుడు ముందుగా వెలుతురులో ఒళ్లంతా చూస్తాడు. ఆడవారిని ఆరోగ్య కార్యకర్త గాని, వైద్యురాలు గాని చూసే ఏర్పాటు అడగవచ్చును. తరువాత వేళ్లతో నరములను తడిమి చూస్తాడు. మోచేతి వెనుక లోపలి వైపున ఒక నరమున్నది. అక్కడ దెబ్బ తగిలితే చిటికెన వేలి దాకా జివ్వుమంటుంది, అదే. మెడ ప్రక్కన, మోకాలి బయటి వైపున, చీలమండ లోపలి వైపున ఉన్న నరములను కూడా చూస్తాడు. జబ్బు ఉన్నచోట నరము తాడువలె దళసరిగా తగులుతుంది, ఒక్కోసారి నొక్కితే నొప్పి పుడుతుంది.

ఆ తరువాత కండరముల బలము చూస్తారు. చిటికెన వేలిని ప్రక్కకు చాపమంటారు, బొటనవేలిని పైకి లేపమంటారు, మణికట్టును, పాదమును పైకి ఎత్తమంటారు, కళ్లు గట్టిగా మూయమంటారు. అరచేతులలో, అరికాళ్లలో బాల్ పెన్ను మొనతో గాని, సన్నని నైలాను పోగుతో గాని తాకించి స్పర్శ ఎంత ఉన్నదో వ్రాసుకుంటారు. ఈ పరీక్షకు డబ్బు ఖర్చు లేదు, పెద్ద యంత్రములు అక్కరలేదు. ఓపిక, వెలుతురు, తాకే చేయి కావాలి.

అవసరమైతే చెవి తమ్మె నుండి, మచ్చ నుండి బ్లేడు మొనతో కొద్దిపాటి రసమును తీసి, గాజుపలక మీద రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. క్రిములు కనబడకపోయినంత మాత్రాన జబ్బు లేదని కాదు. మచ్చలు తక్కువగా ఉన్నవారిలో క్రిములు సాధారణముగా కనబడవు.

అయిదు లేక అంతకు తక్కువ మచ్చలుండి, రసములో క్రిములు లేకపోతే తక్కువ క్రిముల రకమని, అంతకన్న ఎక్కువ మచ్చలుంటే గాని, క్రిములు కనబడితే గాని ఎక్కువ క్రిముల రకమని విభజిస్తారు. మందు ఎంత కాలమో దీనినిబట్టి నిర్ణయిస్తారు.

నూనె నుండి బిళ్ళల దాకా

నేటి మందుల విలువ తెలియాలంటే నిన్నటి సంగతి కొంచెము తెలుసుకోవాలి. మన తెలుగు నేల మీద నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915 ప్రాంతములో ఇజబెల్ కెర్ అనే స్కాట్లాండు వైద్యురాలు ఈ రోగుల కోసము ఆసుపత్రిని నెలకొల్పారు. ఉత్తరాంధ్రలోని సాలూరులోను మిషనువారి కుష్ఠువ్యాధి ఆసుపత్రి వెలసింది. ఆ రోజులలో ఉన్న మందు చాల్‌మూగ్రా జాతి గింజల నుండి తీసిన నూనె. దానిని సూదితో కండలోనికి ఎక్కించేవారు. నొప్పి ఎక్కువ, ఫలితము తక్కువ. అయినా ఆశతో ఎంతో దూరము నుండి రోగులు వచ్చేవారు.

1941లో అమెరికాలోని కార్విల్ ఆసుపత్రిలో ప్రోమిన్ అనే సల్ఫోను మందును సూదిద్వారా ఇచ్చి చూశారు. మానని పుండ్లు మానడము మొదలుపెట్టాయి. తరువాత దాని జాతికే చెందిన డాప్సోన్ బిళ్ళ వచ్చింది. అది చవక, మింగడము తేలిక. కాని ఏళ్ల తరబడి, కొందరు జీవితాంతము వాడవలసి వచ్చేది. మధ్యలో మానివేసేవారు. ఒకే మందుకు అలవాటుపడిన క్రిములు దానికి లొంగడము మానివేశాయి.

ఈ చిక్కు విడదీయడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1981లో ఒకటికన్న ఎక్కువ మందులను కలిపి వాడే పద్ధతిని సూచించారు. ఒక మందుకు లొంగని క్రిమి మరొక మందుకు లొంగుతుంది. దీనినే బహుళ ఔషధ చికిత్స, వాడుకలో ఎమ్.డి.టి. అంటారు. రిఫాంపిసిన్, డాప్సోన్, క్లొఫాజిమిన్ అనేవి ఇందులోని మూడు మందులు. తక్కువ క్రిముల రకానికి మొదట రెండు మందులే ఇచ్చేవారు. 2018 నుండి రెండు రకములకూ మూడు మందులే వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మొదటి రకానికి ఆరు నెలలు, రెండవ రకానికి పన్నెండు నెలలు. 1995 నుండి ఈ మందులు ప్రపంచమంతటా రోగులకు ఉచితముగానే అందుతున్నాయి. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలోనూ ఒక్క పైసా ఇవ్వనక్కరలేదు.

మందులు 28 రోజులకు ఒక అట్టగా వస్తాయి. పెద్దవారికి ఎక్కువ క్రిముల రకములో మొదటి రోజు రిఫాంపిసిన్ 600 మిల్లీగ్రాములు, క్లొఫాజిమిన్ 300 మిల్లీగ్రాములు, డాప్సోన్ 100 మిల్లీగ్రాములు ఆరోగ్య కార్యకర్త ఎదుట మింగాలి. మిగిలిన రోజులలో ఇంటి వద్ద డాప్సోన్ 100, క్లొఫాజిమిన్ 50 మిల్లీగ్రాములు వేసుకోవాలి. పిల్లలకు మోతాదు వేరు. గర్భిణీ స్త్రీలు, పాలిచ్చే తల్లులు కూడా ఈ మందులు వాడవచ్చును. మొదలుపెట్టిన కొద్ది రోజులకే రోగి నుండి ఇతరులకు సోకే ప్రమాదము పోతుంది. కనుక వేరే గది, వేరే కంచము, వేరే గ్లాసు అవసరము లేదు.

మందు వేసుకున్న రోజున మూత్రము ఎర్రగా వస్తే భయపడవద్దు, అది రిఫాంపిసిన్ రంగు. ఒంటి రంగు నల్లబడితే అది క్లొఫాజిమిన్ వలన. మందు ఆపిన తరువాత కొన్ని నెలలకు మెల్లగా తగ్గుతుంది. చాలామంది, ముఖ్యముగా పెళ్లికావలసిన పిల్లలు, ఈ నలుపుకు జడిసి మందు మానివేస్తారు. అలా చేయవద్దు. అయితే ఒంటి మీద దద్దుర్లు లేచి జ్వరము వచ్చినా, కళ్లు పచ్చబడినా, బాగా ఆయాసము, నీరసము కలిగినా ఆలస్యము చేయక వైద్యునికి చూపించాలి. డాప్సోన్ కొద్దిమందికి సరిపడదు.

ఎప్పుడైనా ఒక నెల అట్ట తప్పిపోతే సిగ్గుపడి ఊరకుండక తిరిగి వెళ్లండి. ఆరు అట్టలను తొమ్మిది నెలలలోపు, పన్నెండు అట్టలను పద్దెనిమిది నెలలలోపు పూర్తి చేయవచ్చును. అన్నీ అయిన తరువాత మచ్చ రంగు, తిమ్మిరి కొంత మిగిలిపోవచ్చును. దానినిబట్టి జబ్బు పోలేదనుకోవద్దు. క్రిములు చచ్చాయి, మచ్చ మాత్రము గుర్తుగా నిలిచింది. జబ్బు తిరగబెట్టడము చాలా అరుదు.

మందు వాడుతుండగా వచ్చే చిక్కు

కొందరికి మందు వాడుతుండగానే, లేదా పూర్తయిన తరువాత, మచ్చలు ఒక్కసారిగా ఎర్రబడి వాచుతాయి. నరములు పోటు పెడతాయి. జ్వరము, ఎర్రని నొప్పిగల బుడిపెలు, కంటిలో ఎరుపు కూడా రావచ్చును. దీనిని రియాక్షన్ అంటారు. మందు విషమైందనో, జబ్బు ముదిరిందనో భయపడి చాలామంది అట్టలు పారవేసి నాటువైద్యుని వద్దకు పోతారు. ఇది పెద్ద ప్రమాదము. రియాక్షన్ అంటే క్రిముల మీద మన శరీరము చేసే పోరాటము. ఆ పోరాటములో నరము నలిగిపోతుంది. ఒక్కోసారి కొద్ది రోజులలోనే చేయి పడిపోతుంది, కన్ను మూతపడడము మానుతుంది.

ఎమ్.డి.టి. ఆపకుండానే ప్రెడ్నిసొలోన్ అనే మందును వైద్యుని పర్యవేక్షణలో కొన్ని నెలలు వాడితే నరమును కాపాడవచ్చును. బలహీనత మొదలై ఆరు నెలలు దాటకముందే వస్తే పోయిన బలము, స్పర్శ తిరిగి వచ్చే అవకాశము బాగా ఉన్నది. ఆలస్యమైన కొద్దీ ఆ అవకాశము తగ్గుతుంది.

వేళ్లు ఎందుకు పోతాయి?

కుష్ఠువ్యాధిలో మాంసము కుళ్లి వేళ్లు రాలిపోతాయని లోకమంతా నమ్మేది. అది నిజము కాదని చూపినవారిలో ముఖ్యుడు డాక్టర్ పాల్ బ్రాండ్. ఆయన 1914లో తమిళనాడులోని కొల్లి కొండలలో మిషనెరీ దంపతులకు జన్మించాడు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో శస్త్రవైద్యునిగా పనిచేస్తూ రోగుల చేతులను, పాదములను ఎంతో ఓపికగా పరిశీలించాడు. వేళ్లను తినివేస్తున్నది జబ్బు కాదు, నొప్పి తెలియకపోవడమే అని కనుగొన్నాడు. నొప్పి లేదు గనుక వేడి గిన్నె పట్టుకుంటారు, మేకు గుచ్చుకున్న పాదముతో మైళ్లు నడుస్తారు, పుండును లెక్కచేయరు. రాత్రి నిద్రలో ఎలుకలు వేళ్లు కొరికినా కొందరికి తెలియలేదు. అందుకు ఆ రోగులకు పిల్లులను పెంచుకోమని ఇచ్చారు. నొప్పి కూడా దేవుడిచ్చిన వరమే అని ఆయన జీవితమంతా చెప్పాడు.

వంగిపోయిన వేళ్లను సరిచేయడానికి, బాగున్న కండరపు స్నాయువును తీసి పనిచేయని చోట కలిపే శస్త్రచికిత్సను ఆయన వేలూరులో అభివృద్ధి చేశాడు. ఆయన శిష్యురాలైన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో ప్రమాదములో నడుము క్రింది భాగము చచ్చుబడినా, చక్రాల కుర్చీలో కూర్చుండి ఈ రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. నేడు ఈ చికిత్స మన దేశములో ఎన్నో ఆసుపత్రులలో ఉచితముగా దొరుకుతున్నది.

స్పర్శ పోయినవారు ప్రతిరోజు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. సాయంత్రము చేతులను, పాదములను వెలుతురులో పరీక్షించుకోవాలి. వాటిని మామూలు నీటిలో ఇరవై నిమిషములు నానబెట్టి, గట్టిపడిన చర్మమును మెల్లగా రుద్ది, తడి ఉండగానే నూనె రాయాలి. వేడి గిన్నెను గుడ్డతో పట్టుకోవాలి. పారకు, కొడవలికి ఉన్న పిడికి మెత్తని గుడ్డ చుట్టాలి. మెత్తని అట్టగల ఎమ్.సి.ఆర్. చెప్పులు ఆరోగ్య కేంద్రములో అడిగి తీసుకోవాలి. తొడిగేముందు వాటిని దులపాలి. పాదములో పుండు ఉంటే నడక తగ్గించాలి. కన్ను మూతపడనివారు తరచు రెప్ప వేయడము అభ్యాసము చేసుకొని, పగలు కళ్లద్దములు పెట్టుకొని, రాత్రి శుభ్రమైన గుడ్డ కప్పుకొని పడుకోవాలి.

ఇంటివారు, సంఘము

ఒకరికి జబ్బు బయటపడితే ఇంటిలో అందరూ పరీక్ష చేయించుకోవాలి. జబ్బు లేదని, క్షయ కూడా లేదని చూసిన తరువాత, ఆ ఇంటివారికి, దగ్గరగా మెలగేవారికి రిఫాంపిసిన్ ఒక్క మోతాదు ఇచ్చే పద్ధతిని 2018 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. బంగ్లాదేశ్‌లో జరిగిన ఒక పెద్ద పరిశోధనలో ఈ ఒక్క మోతాదు మొదటి రెండేళ్లలో జబ్బు వచ్చే అవకాశమును సగానికి పైగా తగ్గించింది. జబ్బును దాచినవారి ఇంటికి ఈ రక్షణ దొరకదు. దాచడమువలన పరువు నిలుస్తుందేమో గాని, పిల్లలకు ముప్పు మిగులుతుంది.

చట్టము కూడా మారింది. రోగులను పట్టి వేరుచేయడానికి ఆంగ్లేయులు 1898లో చేసిన చట్టము 2016లో రద్దయింది. క్రైస్తవుల విడాకుల చట్టముతో సహా అయిదు చట్టములలో భార్యనో, భర్తనో విడిచిపెట్టడానికి, వేరుగా ఉండడానికి ఒక కారణముగా ఉన్న కుష్ఠువ్యాధిని 2019లో తొలగించారు. చట్టము తీసివేసిన అడ్డుగోడను మన మనస్సులు ఇంకా నిలిపి ఉంచవచ్చునా?

మన సంఘములు చేయగలిగిన పనులు ఎన్నో ఉన్నాయి. ఏటా జనవరి చివరి ఆదివారము ప్రపంచ కుష్ఠువ్యాధి దినము. మన దేశములో గాంధీజీ వర్ధంతియైన జనవరి 30న దీనిని జరుపుతారు. ఆ వారము పాస్టరుగారు ఆరోగ్య కేంద్రపు సిబ్బందిని ఆహ్వానించి ఆరాధన తరువాత పది నిమిషములు మాట్లాడించవచ్చును. స్త్రీల సమాజపు సహోదరీలు దూదితో చేసే పరీక్షను నేర్చుకొని ఇరుగుపొరుగు ఆడవారికి నేర్పవచ్చును. మందు వాడుతున్నవారిని ప్రభువు బల్ల దగ్గర వెనుక వరుసలో నిలువనీయక, అందరితో కూర్చుండబెట్టాలి. ప్రసంగములో గాని, తిట్టులో గాని "కుష్ఠు" అనే మాటను పాపానికి, అసహ్యానికి పోలికగా వాడకుండా నాలుకను అదుపులో పెట్టుకోవాలి. ఆ మాట వినిన రోగి, తన మచ్చను మరికొన్నేళ్లు దాచుకుంటాడు.

ఈ రాత్రి భోజనములయిన తరువాత ఇంటిల్లిపాది ఒకరి వీపు ఒకరు దీపపు వెలుతురులో చూసుకోండి. పాలిపోయిన మచ్చ ఏదైనా కనబడితే దూదితో తాకి అడగండి. "తెలియడము లేదు" అనే జవాబు వస్తే ఏడవవద్దు, ఎవరికీ చెప్పవద్దని ఒట్టు పెట్టించుకోవద్దు. తెల్లవారగానే ఆ మనిషితో కలిసి ఆరోగ్య కేంద్రానికి బయలుదేరండి. ఒంటరిగా పంపవద్దు.